నలభై అడుగుల అవతల

రొవీనా కుర్చీ లాక్కుని కూర్చుందే గానీ ఒంటిమీది కోటు విప్పలేదు. కోటు విప్పని మనిషికి కాఫీ ఇవ్వాలో వద్దో డెల్ఫాకు తోచలేదు. కప్పు పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.

బయట పొగమంచు. కిటికీలోంచి చూస్తే రోడ్డు లేదు, రోడ్డవతల మా ఇల్లు లేదు, కాన్సస్ రాష్ట్రమంతా ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు తెల్లగా ఉంది. నేను అందులోంచే నడిచి వచ్చాను. మా గుమ్మం దిగి నలభై అడుగులు వేస్తే ఇంకో రాష్ట్రం, మిస్సోరీ. ఆ నలభై అడుగులూ నాకు కాళ్ళు కనబడలేదు, నిద్రలో నడుస్తున్నట్టే ఉంది.

"ఒంటిగంటకి జడ్జిగారు రమ్మన్నారు," అంది రొవీనా. "అక్కడి దాకా ఎందుకని వచ్చాను. ఇక్కడ సంతకం పెట్టేస్తే నాలుగింటికి బండి బయల్దేరుతుంది. నాన్నని రేపటికి మా ఊరు చేర్చుకుంటాను."

అభ్యంతరం లేదని రాసి రొవీనా బల్లమీద పెట్టిన కాగితం వంక డెల్ఫా చూడలేదు. కప్పు బల్లమీద పెట్టి, కుర్చీ మీద ఆరేసిన ఓరిన్ సూటు తీసి మళ్ళీ ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. ఆ సూటుకి అది మూడో ఇస్త్రీ.

ఓరిన్ పోయి ఐదు రోజులైంది. సోమవారం నాడు ఈ సూటే హ్యాంగరుకి తగిలించుకుని డెల్ఫా ఆయన శవాన్ని ఉంచిన ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళింది. అక్కడి పెద్దమనిషి చాలా మర్యాదగా కూర్చోబెట్టి, పెళ్ళి సర్టిఫికెట్టు ఉందా అని అడిగాడు. చనిపోయిన మనిషిని ఎక్కడ పూడ్చాలో తేల్చే హక్కు మిస్సోరీలో ముందు భార్యది, భార్య లేకపోతే బిడ్డలది. డెల్ఫా దగ్గర కాగితం లేదు. ఓరిన్‌కి మొదటి పెళ్ళి కూతురు రొవీనా ఉంది, నెబ్రాస్కాలో. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయనకి వండిపెట్టి, చివరి ఏడాది స్నానం కూడా తనే చేయించిన మనిషి సూటు పట్టుకుని వెనక్కి నడిచి వచ్చేసింది.

కాగితం అక్కర్లేదని ఆమెకి చెప్పిన మహా తెలివైనదాన్ని నేనే.

ముప్పై ఎనిమిదేళ్ళు కాన్సస్ వైపు కౌంటీ ఆఫీసులో పెళ్ళి లైసెన్సుల కిటికీ దగ్గర కూర్చున్నాను. లుయెల్లాని అడిగితే చెప్తుంది అని జనం అనేవారు, నేనూ అడక్కముందే చెప్పేదాన్ని. మా వైపు పెళ్ళికి కాగితమూ పాస్టరూ లేకపోయినా చెల్లుతుంది. ఇవాళ్టి నుంచి మనం మొగుడూ పెళ్ళాలం అని ఇద్దరూ అనుకోవాలి, అలాగని నలుగురికీ చెప్పుకోవాలి. అంతే, కట్టుబడిపోయినట్టే. ఇటు మిస్సోరీలో వందేళ్ళ కిందటే ఆ పద్ధతి తీసేశారు. అయితే అటు కట్టుబడి ఇటు వచ్చినవాళ్ళని మాత్రం కాదనరు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. నా కళ్ళెదురుగా వీళ్ళ ఇల్లు ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలోకి నడిచి వెళ్ళింది. అయినా ఇటు వచ్చాక కాగితం అడుగుతారని నా బుర్రకి తట్టలేదు, ఏం చెప్పను.

తేడాలు తెలియక కాదు. మోకాళ్ళ నొప్పికి డెల్ఫా వేసుకునే గంజాయి బిళ్ళలు ఈ వంటింట్లో మందు, దుకాణంలో రసీదిచ్చి మరీ అమ్ముతారు. అదే బిళ్ళ నా జేబులో రోడ్డు దాటితే నేరం. నేనెన్ని నేరాలు చేశానో ఆ దేవుడికే తెలియాలి. అటు రాకెట్లు కాల్చకూడదు, ఇటు డేరాలు వేసి మరీ అమ్ముతారు. జూలై నాలుగున, స్వాతంత్ర్య దినం నాడు, మా కాన్సస్ పిల్లలు నోరు తెరుచుకుని చూసేవన్నీ మిస్సోరీ రాకెట్లే. బిళ్ళలు, మందుగుండు, ఆదివారం పొద్దుటి బీరు, అన్నిటికీ ఏది ఏ వైపు చెల్లుతుందో మాకు తెలుసు. పెళ్ళి కూడా ఆ జాబితాలోదేనని మాత్రం ఎవరం అనుకోలేదు.

"మా అమ్మ పక్కన చోటుంది," అంది రొవీనా. గొంతు పెంచలేదు. "సమాధి రాయి కూడా ఉంది. విడాకులైన నాలుగేళ్ళకి అమ్మ ఆ రాయి చెక్కించింది, ఇద్దరి పేర్లతో. నాన్న పేరు, పుట్టిన సంవత్సరం, ఒక గీత. గీత తరవాత ఖాళీ. అమ్మ పోయి పన్నెండేళ్ళు. ప్రతి మే నెలలో పూలు పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా ఆ ఖాళీ నా మొహం వంక చూస్తూ ఉంటుంది. మీకు అర్థం కాదు."

"అర్థమవుతోంది తల్లీ," అంది డెల్ఫా.

"అర్థమైతే సంతకం పెట్టండి."

"ఆయన ఇక్కడి చర్చి వెనక పడుకుంటానన్నాడు. నేను నడిచి వెళ్ళగలిగినంత దూరంలో."

"అన్నట్టు కాగితం ఉందా?"

లేదు. ఓరిన్ కాగితాల మనిషి కాదు, డెల్ఫాకి కాగితమంటేనే భయం. ఇస్త్రీపెట్టె బుస్సుమంది. కాసేపటికి రొవీనా తనే లేచి, చల్లారిపోయిన ఆ కాఫీ రెండు గుక్కలు తాగి, కోర్టు దగ్గర కలుద్దామని చెప్పి వెళ్ళిపోయింది. పొగమంచులో ఆమె కారు చప్పుడు ఎటు పోయిందో కూడా తెలియలేదు.

నేను డెల్ఫాని వెనక వరండాలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టాను. నాకు కావలసింది ఒకే ఒక్క మాట. ఆ మాట కోసం తొంభై మూడు జూన్‌లోకి వెళ్ళాలి.

ఆ ఏడాది వాగు పొంగి మా వైపు పల్లమంతా మునిగింది. ఓరిన్‌ది ఇళ్ళు తరలించే పని. చెక్క ఇంటి కింద ఇనప దూలాలు దూర్చి, జాకీలతో లేపి, చక్రాలెక్కించి, మనిషిని కుర్చీతో సహా మోసుకెళ్ళినట్టు ఇంకో చోట దింపేవాడు. ఊరందరి ఇళ్ళూ లేపినవాడు ఆఖరికి తన ఇల్లు కూడా లేపాడు, రోడ్డుకి ఇవతల మిట్ట మీద పెట్టుకుందామని. డెల్ఫా అప్పటికి రెండేళ్ళుగా ఆయన ఇంట్లో వెనక గది అద్దెకుంటూ పనివాళ్ళకి వండిపెట్టేది. ఇల్లు కదిలేటప్పుడు కప్పుమీద కూర్చుని పొడుగాటి కర్రతో కరెంటు తీగలు పైకెత్తే పని కూడా తనదే. ఆడవాళ్ళు ఆ పని చెయ్యడం మేమెవరం చూడలేదు.

శుక్రవారం బయల్దేరారు. మా వైపు అనుమతి సూర్యాస్తమయం దాకా ఉంది. ఇటువైపు వాళ్ళ అనుమతి మధ్యాహ్నంతో సరి, మళ్ళీ సోమవారమేనట. ఓరిన్ ఆ చిన్న అక్షరాలు చదవలేదు. ఇల్లు సగం రోడ్డు దాటేసరికి ఇటు పోలీసు వచ్చి చెయ్యెత్తాడు. వెనక్కి తీసుకెళ్దామంటే మా వాళ్ళిచ్చిన అనుమతి ముందుకి పోవడానికే. అలా మూడు రోజులు ఆ ఇల్లు రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. ముందు గది మిస్సోరీలో, వంటిల్లు కాన్సస్‌లో.

ఆ మూడు రోజులూ నిజంగా జరిగాయా అని నాకు ఇప్పటికీ అనుమానం వస్తూంటుంది. నేలకి నాలుగడుగుల ఎత్తున తెల్లటి ఇల్లు, కిటికీ తెరలు ఊగుతూ, పొగగొట్టంలోంచి పొగ. నిచ్చెన వేసుకుని ఎక్కి దిగేవాళ్ళు. కింద రెండు రాష్ట్రాల జనం దుప్పట్లు పరుచుకుని, వేయించిన కోడి, పుచ్చకాయలు తింటూ, పడవ చూడ్డానికి వచ్చినట్టు చూస్తూ కూర్చునేవారు. చుట్టూ వరదనీళ్ళు మెరుస్తూంటే ఆ ఇల్లు తేలుతోందనే అనిపించేది. శనివారం మధ్యాహ్నం ఓరిన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, కింద ఉన్న మా అందరితో, "మీ అందరికీ చెప్తున్నా, డెల్ఫా ఇవాళ్టి నుంచి నా భార్య" అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. డెల్ఫా తీగలకి కాపలాగా కప్పుమీద కూర్చుని ఉంది, కర్ర ఒళ్ళో పెట్టుకుని. ఏమీ అనలేదు. నవ్వింది.

ఇద్దరూ లోపల ముందే అనుకుని ఉంటారని మేం అనుకున్నాం. కాన్సస్‌లో ఉన్న వంటింట్లో ఇద్దరూ అనుకుంటే, కాన్సస్ గడ్డమీద కూర్చున్న మాకు చెప్తే, అది పెళ్ళి. ఏ జడ్జీ కాదనలేడు. డెల్ఫాతో అదే చెప్పాను. ఆయన అడిగాడు, నేను సరే అన్నాను, ఈ రెండు ముక్కలు చెప్పి కూర్చో, ఓరిన్‌ని సాయంత్రానికి చర్చి వెనక్కి తెచ్చుకుందాం అన్నాను.

డెల్ఫా పొగమంచులోకి చూస్తూ కూర్చుంది.

"ఏమే, వింటున్నావా?"

"వింటున్నా."

"సరే అన్నావు కదా?"

"అన్నాను," అంది. ఎప్పుడన్నావని నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయం వేసింది, అందుకే అడగలేదు.

కోర్టు గది చిన్నది. పొగమంచు విడిపోయి పల్చటి పసుపు ఎండ బల్లల మీద పడుతోంది. జడ్జిగారు నా మేనకోడలి ఈడు అమ్మాయి. రొవీనా ఒక వైపు, మేం ఒక వైపు. ముందు నేను ప్రమాణం చేసి చూసిందంతా చెప్పాను. జనం, పుచ్చకాయలు, ఓరిన్ అన్న మాట, అన్నీ. జడ్జిగారు రాసుకున్నారు. ఆవిడ మొహం చూస్తే గెలిచేశామనే అనిపించింది నాకు. తరవాత డెల్ఫా లేచింది.

ఓరిన్ మిమ్మల్ని పెళ్ళికి అడిగారా అని జడ్జిగారు అడిగారు.

"అడిగాడండీ. ఆ శనివారం పొద్దున, వంటింట్లోనే. నేను బంగాళాదుంపలు తరుగుతున్నా. ‘ఇవాళ్టి నుంచి నువ్వు నా పెళ్ళానివి, సరేనా’ అన్నాడు."

"మీరేమన్నారు?"

డెల్ఫా ఒకసారి నా వంక చూసింది. నేను తలూపాను.

"సరే అనలేదండీ."

జడ్జిగారు కలం ఆపి, అంటే ఏమిటన్నారు.

"ఆ ఇల్లు చక్రాల మీద ఉందండీ. గాలేస్తే గిన్నెలు గలగలమనేవి. నాకు ముందొకసారి పెళ్ళయింది. చర్చిలో, కాగితం మీద, అన్నీ సవ్యంగా. ఆరేళ్ళు దెబ్బలు తిన్నాను. మళ్ళీ మాటిస్తే నేలమీద నిలబడి ఇద్దామనుకున్నా. ‘ముందు ఇల్లు దింపు, తరవాత చెప్తా’ అన్నాను."

"మరి ఆయన బయటికి వచ్చి అందరికీ చెప్పారుగా?"

"ఆగలేకపోయాడండీ. నేను కాదనలేదు. కప్పుమీద కూర్చుని విన్నాను. వినడానికి బాగుంది."

"మీరు సరే అన్నది ఎప్పుడు?"

"గురువారం. ఇల్లు పునాది మీద కూర్చుంది. జాకీలు తీసేశారు. మెట్లింకా కట్టలేదు, ఇద్దరం కింద మట్టిలో నిలబడి ఉన్నాం. అప్పుడన్నాను."

"అది ఏ వైపు?"

"ఈ వైపేనండీ. మిస్సోరీలో."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఆ తరవాత ఎప్పుడైనా రోడ్డవతల కాపురం ఉన్నారా, ఒక్క నెలైనా, అని అడిగారు. అలా అడుగుతున్నప్పుడు ఆవిడ గొంతు బతిమాలుతున్నట్టుంది. లేదంది డెల్ఫా. సొంతిల్లు ఉండగా ఇంకెక్కడ ఉంటామంది.

చట్టం నాకు ఇంకో దారి ఇవ్వలేదు అన్నారు జడ్జిగారు. చనిపోయిన మనిషి మీద హక్కు కూతురిదని రాసి సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు మా ఇద్దరి వంకా చూడలేదు.

మెట్లమీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నా సంగతి నాకు తెలుసు, నేను తిట్టేది ఆమెని కాదు, నన్నే. అయినా నోరు ఊరుకోదుగా. ఎవరు చూశారు, ఎవరడగొచ్చారు, ఐదు రోజులు ముందుకి జరిపితే ఆకాశం ఊడిపడేదా అన్నాను. నీలాంటి దాని కోసం అబద్ధానికి సిద్ధపడ్డ నా ముసలితనానికి సిగ్గులేదన్నాను. రొవీనా రెండు మెట్లు కింద నిలబడి కారు తాళాలు వెతుక్కుంటోంది. వినబడుతుందని తెలిసీ అన్నాను.

డెల్ఫా నన్ను మొత్తం తిట్టనిచ్చింది. తరవాత మెల్లగా అంది.

"ఆ ఐదు రోజులూ ఆయన ఎదురుచూశాడే, లుయెల్లా. పొద్దున్నే లేచి నా మొహం చూసేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. పనిలో పడిపోయేవాడు. నాకోసం అలా ఎవరూ ఎదురుచూడలేదు. శనివారమే సరే అన్నానని చెప్తే, ఆ ఐదు రోజులూ లేకుండా పోతాయి. ఎలా చెప్పమంటావ్?"

రొవీనా తాళాలు వెతకడం ఆపేసింది. మెట్లమీద అలాగే కాసేపు నిలబడి, మా వంక తిరక్కుండానే వెళ్ళిపోయింది.

నాలుగింటికి ఫ్యూనరల్ హోమ్ వెనక వాకిట్లో నల్ల బండి సిద్ధంగా ఉంది. ఇస్త్రీ చేసిన సూటు కోర్టుకి వెళ్తూ అందజేశాం, ఓరిన్‌కి తొడిగారట. ఒక్కసారి చూసి వచ్చేద్దామని నేను డెల్ఫాని తీసుకెళ్ళాను. చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఆయన టై కొంచెం సర్ది, పెట్టె మూయమంది.

పెట్టె బండిలోకి ఎక్కించి వెనక తలుపు వేశారు. మళ్ళీ మంచు దిగుతోంది, వాకిలి అంచులు కనబడ్డం మానేశాయి. వెళ్దాం పదవే అందామని తిరిగేసరికి డెల్ఫా నా పక్కన లేదు. బండి ముందు తలుపు తెరుచుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది.

డ్రైవరు కంగారుపడి రొవీనా దగ్గరికి పరిగెత్తాడు. వెనక తన కారులో రావడానికి సిద్ధమవుతున్న రొవీనా దిగి వచ్చింది. డెల్ఫా దగ్గరగా నిలబడి, తగ్గు గొంతుతో అంది.

"అక్కడ ఒకళ్ళకే చోటుంది, డెల్ఫా గారూ."

"నేను పడుకోడానికి రావట్లేదు తల్లీ. దింపడానికి వస్తున్నా." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఆయన ఎక్కడ ఏది దింపినా నేను పక్కనున్నాను. ఇది కూడా చూసి, బస్సెక్కి వచ్చేస్తా. మీ అమ్మ దగ్గర నాకేం పని లేదు."

రొవీనా తలుపు పట్టుకుని నిలబడింది. తలుపు వెయ్యలేదు, దిగమనలేదు.

డ్రైవరు అట్ట మీద కాగితం పట్టుకుని దగ్గరికొచ్చాడు. కుర్రాడు మంచివాడే, కానీ నియమం నియమమే అంటాడు. శవంతోపాటు ఈ బండిలో కుటుంబసభ్యులు తప్ప ఎవరూ కూర్చోకూడదట. కూర్చున్నవాళ్ళ పేరు, చనిపోయినాయనకి ఏమవుతారో రాసి, హక్కున్నవాళ్ళు సంతకం పెట్టాలట.

"పేరు నేను రాసేశానండీ," అన్నాడు రొవీనాతో. "ఈవిడ ఏమవుతారు?"

డెల్ఫా ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వంక చూస్తోంది, ఆ ప్రశ్న తనది కాదన్నట్టు. నేను చెప్పేదాన్నే. నోరు తెరిచాను కూడా. కానీ పొద్దున్నుంచీ నేను చెప్పినవన్నీ ఎక్కడికి తెచ్చాయో గుర్తొచ్చి మూసుకున్నాను.

రొవీనా అట్ట అందుకుంది. బండి ముందు భాగం మీద పెట్టుకుని వంగింది. ఏదో రాయబోయి ఆగింది, తలెత్తి అద్దం అవతల ఉన్న డెల్ఫా మొహం చాలాసేపు చూసింది, మళ్ళీ వంగి రాసింది. ఒకే ఒక్క మాట. సంతకం పెట్టి అట్ట డ్రైవరు చేతికిచ్చి, వెనక్కి చూడకుండా తన కారు దగ్గరికి నడిచింది.

డ్రైవరు ఆ మాట చదివాడు. టోపీ తీసి డెల్ఫా వైపు తలవంచి, తలుపు మెల్లగా వేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు జనం ఫారాల గడుల్లో ఏం నింపారో చదవడమే నా ఉద్యోగం. నేను మెడ చాచి చూసేలోపే ఆ కాగితం జేబులోకి వెళ్ళిపోయింది. బండి మంచులోకి కదిలింది.